గెట్‌కి ఎన్ని అరలు? – కౌనస్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 29, ఆదివారం

పై అంతస్తు బామ్మగారు సాయంత్రం తలుపు తట్టి ఒక కాగితం నా చేతిలో పెట్టారు. చెవికి విన్నది విన్నట్టు పెన్సిల్‌తో లిథువేనియన్ అక్షరాల్లో రాసుకున్న మాటలు. గెట్, గాట్, గెటింగ్, మళ్లీ గాట్. లెక్కపెడితే పదకొండు.

ఆవిడ కూతురు, అల్లుడు ఐర్లండ్‌లో ఉంటారు. 2004లో లిథువేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక అటు వెళ్లిన కుటుంబాలు ఈ వీధిలోనే బోలెడు. మనవరాలు అక్కడే పుట్టింది, ఇప్పుడు ఏడేళ్లు. ఇంట్లో లిథువేనియనే మాట్లాడుతుంది. కానీ చెప్పేదాంట్లో ఉత్సాహం వచ్చిందంటే ఇంగ్లీషులోకి జారిపోతుంది. ఆదివారం వీడియో కాల్‌లో ఆ పరుగులో బామ్మగారి చెవికి మళ్లీ మళ్లీ తగిలేది ఈ ఒక్క మాటే.

"డిక్షనరీ చూశాను. గౌతి అని ఉంది. మరి ఈ పిల్ల పొద్దస్తమానం ఏం గౌతి చేస్తోంది, వైకెలి? చేతిలో ఏమీ కనబడదే!"

వైకెలి అంటే బిడ్డా అని. గౌతి అంటే పొందడం, అందుకోవడం. ఉత్తరం వచ్చినా, జీతం వచ్చినా, బళ్లో మార్కు వచ్చినా ఇక్కడివాళ్లు ‘గవౌ’ అంటారు, అందుకున్నాను అని.

ఉద్యోగం కోసం తెనాలి నుంచి కౌనస్ వచ్చి మూడేళ్లయింది. మొదటి చలికాలంలో నాకు జ్వరం వస్తే నాలుగు రోజులు సూప్ తెచ్చి పెట్టింది ఈవిడే. నాకు లిథువేనియన్ నేర్పిందీ సగం ఈవిడే. క్రిస్మస్‌కి పిల్ల వస్తోంది. ఆలోగా ఈ గెట్ సంగతి తేల్చాలని ఇద్దరం అనుకున్నాం. పన్నెండు వారాలు ఉంది.

అక్టోబర్ 5

మొదటి ప్రయత్నం పనికిరాలేదు. వారమంతా కూర్చుని నాలుగు పేజీల పట్టిక తయారుచేశాను. ఎడమ పక్క గెట్ ఉన్న ఇంగ్లీషు వాక్యం, కుడి పక్క దానికి సరిపోయే లిథువేనియన్ క్రియ. అవడానికి తప్తి, అర్థం చేసుకోవడానికి సుప్రస్తి, చేరడానికి అత్వీక్తి, కొనుక్కోవడానికి నుసిపిర్క్తి. ఇలా 34 వరసలు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా ఓపిగ్గా చదివారు. తర్వాత కాల్ వచ్చింది. పిల్ల ‘ఐ గాట్ లాస్ట్ ఇన్ ద షాప్’ అంది. బామ్మగారు వేలు పెట్టి వరసలు వెతికారు. ‘పసిక్లీదౌ’, తప్పిపోయాను, అన్నది 19వ వరసలో దొరికేసరికి పిల్ల షాపులోంచి ఇంటికొచ్చి అన్నం కూడా తినేసింది. బిడ్డ తప్పిపోయానని చెప్పినప్పుడు అయ్యో అనలేకపోయానని ఆవిడ ముఖం చిన్నబోయింది.

మాట చెవిన పడే వేగంలో ఎవరూ పట్టిక చదవలేరు. అది పక్కన పెట్టేశాను.

అక్టోబర్ 13

ఈసారి తల్లి అనుమతి తీసుకుని నేనూ కాల్‌లో కూర్చున్నాను. నోట్‌బుక్‌లో ప్రతి గెట్‌కీ ఒక గీత. ఇరవై నిమిషాల్లో 26 గీతలు. మచ్చుకి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

‘ఐ గాట్ ఎ న్యూ బ్యాగ్.’ కొత్త సంచి వచ్చింది. ‘ఐ గాట్ సోకింగ్ వెట్.’ తడిసి ముద్దయ్యాను. ‘వి గాట్ హోమ్ లేట్.’ ఇంటికి ఆలస్యంగా చేరాం. ‘ఐ డోంట్ గెట్ ఇట్.’ నాకు అర్థం కాలేదు. ‘ఐ గాట్ పిక్డ్.’ ఆటకి నన్ను ఎంచుకున్నారు. ‘కెన్ ఐ గెట్ డౌన్?’ భోజనాల బల్ల దగ్గర్నుంచి లేవచ్చా?

రాత్రి ఈ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తెలుగులో రాసిన అర్థాల్ని చేత్తో మూసేసి ఇంగ్లీషు వాక్యాల్ని మాత్రం చూస్తే ఒకటి తెలిసింది. గెట్ ప్రతిచోటా ఒకే పని చేస్తోంది. ‘ఇందాక అలా లేదు, ఇప్పుడు ఇలా ఉంది’ అని చెప్పి ఊరుకుంటోంది. మారింది ఏమిటో దాని వెనకాల వచ్చే మాట చెబుతోంది. వెనకాల వస్తువు ఉంటే చేతికొచ్చింది. ‘వెట్’ లాంటి గుణం ఉంటే మనిషి స్థితి మారింది. ‘హోమ్’, ‘డౌన్’ ఉంటే చోటు మారింది. ‘పిక్డ్’ లాంటిది ఉంటే ఎవరో ఏదో చేశారు, అది మనకి జరిగింది.

అంటే బామ్మగారు గెట్ దగ్గర ఆగక్కర్లేదు. దాన్ని వదిలేసి పక్క మాట కోసం చెవి సిద్ధంగా పెట్టుకోవాలి.

ఒక వాక్యం మాత్రం వేరే చిక్కు పెట్టింది. ‘మామ్ గెట్స్ మీ ఫ్రమ్ స్కూల్.’ అమ్మ బడి నుంచి తీసుకొస్తుంది. లిథువేనియన్‌లో ఊరికే తీసుకురావడం కుదరదు. చేత్తో మోసుకొస్తే అత్నెష్తి, బండిలో తెస్తే అత్వెష్తి, చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తే అత్వెస్తి. బామ్మగారు వెంటనే కూతుర్ని అడిగారు, కారులోనా, నడకా అని. ఇంగ్లీషు ఆ సంగతి పట్టించుకోదు.

అక్టోబర్ 20

పాత ధాన్యపు అట్టపెట్టె కోసి జారుడు పట్టీ చేశాను. మధ్యలో గెట్ అని రాసిన అట్ట, కుడి పక్క చిన్న కిటికీ, కిటికీ వెనక పైకీ కిందకీ లాగే పొడవాటి పట్టీ. పట్టీ లాగితే కిటికీలో మాట మారుతుంది, గెట్ కదలదు. బామ్మగారికి నచ్చింది. పట్టీ మాత్రం రెండు రోజుల్లో నలిగి ఇరుక్కుపోయింది. అందుకని ఇక వాక్యానికో అట్ట కార్డు రాసి, మారింది ఏమిటన్నదాన్ని బట్టి అరలుగా విడదీద్దామనుకున్నాం.

మందులు కొనడానికి ఇద్దరం ట్రాలీబస్సులో వెళ్లాం. ఎక్కుతూ ఆవిడ ‘ఈలిపౌ’ అన్నారు, దిగుతూ ‘ఇష్లిపౌ’ అన్నారు. నేను ఇంగ్లీషులో ‘గాట్ ఆన్’, ‘గాట్ ఆఫ్’ అన్నాను. ఆగి మళ్లీ అన్నాం. లిప్తి అంటే ఎక్కడం, పాకడం. దాని ముందు ‘ఈ’ చేరితే లోపలికి, ‘ఇష్’ చేరితే బయటికి, ‘ను’ చేరితే కిందకి, ‘ఉజ్’ చేరితే పైకి, ‘పెర్’ చేరితే అవతలికి. ఇంగ్లీషువాడు తోక తగిలిస్తున్నాడు, వీళ్లు తల తగిలిస్తున్నారు.

మనకి ఇది కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని బళ్లో ఉపసర్గలు వల్లెవేసినవాళ్లమే. గౌతికి కూడా అలాంటి సంసారమే ఉంది. పగౌతి అంటే పట్టుకోవడం, అత్గౌతి తిరిగి పొందడం, అప్గౌతి మోసగించడం, ఉజ్గౌతి మనసు నొప్పించడం. ఒక్క క్రియకి ఇన్ని ముఖాలేమిటని ఇంగ్లీషు మీద విసుక్కున్న ఆవిడకి ఈ నాలుగూ వరసగా చెప్పి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. "మా అమ్మ నేర్పిన మాటలు కదా, ఎప్పుడూ లెక్కపెట్టలేదు" అన్నారు.

అక్టోబర్ 27

ఇవాళ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అయిదయ్యేసరికి బయట మసక. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ‘సుతెమో’ అన్నారు. చీకటిపడింది. ‘ఇట్ గాట్ డార్క్’ కార్డు రాయడానికి ఇంతకంటే మంచి సాయంత్రం దొరకదు.

ఈ అర సులువుగా నిండింది. పవర్గౌ, అలసిపోయాను. సుష్లపౌ, తడిసిపోయాను. పసిక్లీదౌ, తప్పిపోయాను. మన ‘పోవు’ చేసే పనిని లిథువేనియన్‌లో ముందు చేరే ‘ప’, ‘సు’ చేస్తున్నాయి. ఇంగ్లీషులో ఆ పని గెట్‌ది. మూడు భాషల్లో మూడు చోట్ల అదే మార్పు. తెలుగు వైపు నుంచి చూడ్డం వల్లే నాకిది తొందరగా పట్టుబడింది. చీకటి ‘పడటం’, భయ‘పడటం’ కూడా ఇక్కడికే వస్తాయి.

ఇక్కడ తప్తికి, అంటే ‘అవడం’ అనే క్రియకి, నేను పట్టికలో ఇచ్చిన చోటు తప్పని కూడా తేలింది. డాక్టరు అవడం, తల్లి అవడం లాంటి చోట తప్తి బాగుంటుంది. తడవడానికీ అలసిపోవడానికీ ఎవరూ అది వాడరు. బళ్లో ఇంగ్లీషు శ్రద్ధగా నేర్చుకున్న లిథువేనియన్లు ‘ఐ బికేమ్ టైర్డ్’ అనడం ఆఫీసులో చాలాసార్లు విన్నాను. వ్యాకరణం సరిగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఎవరూ అలా అనరు.

నవంబర్ 9

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా సంతోషం వేసిన రోజు ఇది.

బామ్మగారు 31 ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేశారు. ఇప్పటికీ వీధిలోవాళ్లకి కోట్లు సరిచేసి ఇస్తారు. ఇవాళ వెళ్లేసరికి బల్ల మీద బూడిదరంగు ఉన్ని కోటు, లోపలి లైనింగ్ విప్పి ఉంది. పళ్ల మధ్య రెండు గుండుసూదులు. మీరే కుట్టారా అని అడిగాను. సూదులు తీసి కుషన్‌కి గుచ్చి, కోటు మీద చెయ్యి వేసి, తనవైపు చూపించుకుంటూ ‘స్యూతి’ అన్నారు. తర్వాత ఎదురింటివైపు చూపించి ‘స్యూదింతి’ అన్నారు.

స్యూతి, కుట్టడం. స్యూదింతి, కుట్టించడం. నా చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. మరి తన కోసం కుట్టించుకుంటే? "పసిస్యూదింతి" అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

కుట్టు, కుట్టించు, కుట్టించుకొను. వాళ్ల ‘దింతి’ మన ‘ఇంచు’. వాళ్ల ‘సి’ మన ‘కొను’. పండక్కి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడిగే మొదటి ప్రశ్న, జాకెట్టు కుట్టించుకున్నావా అన్నది, ఆ ఒక్క మాటలో వినబడింది. రెండు భాషలకీ చుట్టరికం లేదు. అయినా దర్జీ దగ్గరికి వెళ్లే మనిషి ఇద్దరికీ ఒకేలా కనబడ్డాడు.

ఇంగ్లీషులో అలాంటి మాట లేదు, అందుకే గెట్‌ని పిలుస్తారు. ‘షి గాట్ ద కోట్ స్టిచ్డ్.’ వస్తువు మధ్యలో, జరిగిన పని చివర. ఈ వరస తప్పితే అర్థం మారిపోతుంది. క్షౌరం సంగతి చూడండి. ఇక్కడ మంగలి దగ్గర్నుంచి వచ్చినవాడు ‘అప్సికిర్పౌ’ అంటాడు. మాట ప్రకారం చూస్తే తన జుట్టు తనే కత్తిరించుకున్నట్టు ఉంటుంది, అయినా ఎవరూ అలా అనుకోరు. అదే అలవాటుతో ఇంగ్లీషులో ‘ఐ కట్ మై హెయిర్’ అంటే వినేవాళ్లు అతని చేతిలో కత్తెర ఊహించుకుంటారు. ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. కటింగ్ చేయించుకున్నాను, అంతే.

కార్డు మీద ఆవిడే కోటు బొమ్మ గీశారు. నేను రాయమన్న వాక్యం రాయలేదు. ‘సూది నా చేతిలో, కోటు ఆవిడ ఒంటి మీద’ అని రాశారు. దానికి మించిన వ్యాకరణ సూత్రం నా దగ్గర లేదు.

నవంబర్ 17

అట్టలు నలిగిపోతున్నాయని చూసి గుడ్డతో చేద్దామన్నది ఆవిడ ఆలోచన. అలమరాలోంచి మందపాటి నార బట్ట తీశారు. ఈ దేశంలో ప్రతి ఇంట్లో లినెన్ ఉంటుంది. వెడల్పు 60 సెంటీమీటర్లు, పొడవు 90. దాని మీద అయిదు అరలు, గోడకి తగిలించుకోవడానికి పైన కర్ర. కార్డులు 7కి 10 సెంటీమీటర్లు.

మొదట కుట్టిన అర లోతెక్కువై కార్డు మునిగిపోయింది. ఆవిడ ఒక్క మాట అనకుండా కుట్లు విప్పి, రెండు వేళ్లంత పైకి జరిపి, మళ్లీ కుట్టారు. ఇప్పుడు కార్డు పై వరస బయటికి కనిపిస్తోంది. మొదటి అర వస్తువులకి. రెండోది స్థితికి. మూడోది చోటుకి, దాని అంచున తెల్ల బొత్తాం, ముందు చేరే ‘ఈ’, ‘ఇష్’, ‘ను’లకి గుర్తు. నాలుగోది చేయించుకున్న పనులకి, బొత్తానికి బదులు చిన్న కోటు. అయిదోది మనకి జరిగినవాటికి.

చివరి కుట్టు వేసి ‘గవోసి!’ అన్నారు. కుదిరింది అని. అని వెంటనే నాలుక కరుచుకున్నారు. గౌతిని ఆ అర్థంలో వాడటం రష్యన్ ప్రభావమనీ, ‘పవీకో’ అనాలనీ బళ్లో టీచర్లు దిద్దుతారట. జనం మాత్రం అంటూనే ఉంటారు. గౌతి కూడా గెట్ దారిలోనే నడుస్తోంది, పక్కన కాపలావాళ్లు ఉన్నారు, అంతే.

అన్నట్టు గెట్ ఇంగ్లీషువాళ్ల సొంత సొత్తు కూడా కాదు. స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ల నోట విని తెచ్చుకున్నారు. దాని చుట్టం పాత ఇంగ్లీషులోనూ ఉండేది, ‘ఫర్గెట్’లో ఇంకా ఉంది. ఇది చెప్పాక, సముద్రం అవతలి మాట అయితే మరీ పరాయిదేం కాదులే అన్నారు బామ్మగారు. బాల్టిక్ ఒడ్డున పుట్టిన మనిషి.

నవంబర్ 24

అయిదో అర నన్ను వారమంతా ఇబ్బంది పెట్టింది. ‘ఐ గాట్ పిక్డ్’ లాంటివాటికి లిథువేనియన్‌లో ‘నన్ను ఎంచుకున్నారు’ అని తిప్పి చెబుతారు. అందుకే ఆ అరలో ఏ కార్డు పెట్టినా ఆవిడకి గౌతి వైపే మనసు పోయేది.

ఇవాళ కాల్‌లో పిల్ల బుంగమూతి పెట్టుకుని ‘ఐ గాట్ టోల్డ్ ఆఫ్’ అంది. క్లాసులో మాట్లాడినందుకు చీవాట్లు పడ్డాయట. నేను నోరు తెరిచేలోపే బామ్మగారు ‘గవై బర్తి?’ అన్నారు. తిట్లు తిన్నావా?

గవౌ బర్తి. మాటకి మాట పెడితే ‘తిట్టడం అందుకున్నాను’. దెబ్బలకి కూడా అదే, గవౌ ముష్తి. మనం తిట్లు, దెబ్బలు తింటాం, వీళ్లు అందుకుంటారు. గౌతి అంటే మంచివే పుచ్చుకోవడం అనుకున్నాం కానీ, వాళ్ల ఇళ్లలో తిట్లు కూడా ఎప్పట్నుంచో ఆ తలుపులోంచే వస్తున్నాయి. లిథువేనియన్ మహానిఘంటువు 20 సంపుటాలు, 1941 నుంచి 2002 దాకా అచ్చయ్యాయి. అందులో గౌతి దగ్గరికి వెళ్లి వెతకాల్సింది నేను. మనవరాలి బుంగమూతి చూసి బామ్మగారికి క్షణంలో అందింది.

అయిదో అరలో మొదటి కార్డు అదే. పిల్ల ముఖం బొమ్మ గీశాం.

డిసెంబర్ 8

అరలు దాటి బయటికి పోయేవి కూడా ఉన్నాయి. పిల్ల తన టీచర్‌కి పెళ్లయిందని చెప్పింది, ‘గాట్ మ్యారీడ్’. బామ్మగారు ముందు అడిగింది టీచర్ ఆడా, మగా అని. పిల్లకి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. మగవాడు చేసుకుంటే ‘వెస్తి’, అంటే నడిపించుకెళ్లడం. ఆడమనిషి అయితే ‘ఇష్తెకేతి’, పుట్టింటి నుంచి బయటికి ప్రవహించడం. ఇద్దరినీ కలిపి చెప్పేందుకు ‘సుసితువోక్తి’ ఉంది, కానీ ఒకరి సంగతి చెప్పేటప్పుడు పాత తరం నోట మొదట వచ్చేవి ఆ రెండే. గెట్ దగ్గర ఆ నదీ లేదు, చెయ్యి పట్టుకోవడమూ లేదు. ఆ కార్డుని రెండో అరలో పెట్టాం, వెనక మాత్రం మూడు క్రియలూ రాశాం.

ఇవాళ్టి కాల్‌లో గోడ వైపు చూసింది నాలుగుసార్లే. మిగతావన్నీ చెవితోనే పట్టుకున్నారు.

డిసెంబర్ 21

రేపు విమానం. వంటింట్లో కూచోస్ రాత్రికి, అంటే క్రిస్మస్ ముందు రాత్రి విందుకి, చేపలు, బీట్‌రూట్, గసగసాల పాలు సిద్ధమవుతున్నాయి. 24 రాత్రి మాంసం లేని పన్నెండు వంటకాలు ఉండాలి. ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన వాసన మెట్ల దాకా వస్తోంది.

ఒక్క కార్డు మాత్రం నెల రోజులుగా ఏ అరలోనూ ఇమడలేదు. ‘ఐ గెట్ టు స్టే అప్ లేట్’ అని పిల్ల ఒకసారి అంది. రాత్రి మేలుకునే అవకాశం దొరికింది అని. దీని వెనక వస్తువూ లేదు, స్థితీ లేదు, చోటూ లేదు. ‘టు’ వచ్చి తర్వాత ఇంకో క్రియ వస్తుంది. నేను వెనక ‘గవౌ ప్రోగా’, అవకాశం అందింది, అని రాసి ఇచ్చాను. తప్పేం కాదు. ఆవిడకి నచ్చలేదు, ఆఫీసు ఉత్తరంలా ఉందన్నారు. నిజమే. ఆ పిల్ల గొంతులో ఉన్న సంబరం అందులో లేదు.

సాయంత్రం చివరి కాల్. సూట్‌కేస్ మీద కూర్చుని పిల్ల అరిచింది. ‘మోచుతే, ఐ గెట్ టు సీ యు టుమారో!’ మోచుతే అంటే బామ్మా అని.

బామ్మగారు గోడ వైపు తిరగలేదు, నా వైపూ చూడలేదు. కాల్ అయ్యాక ఆ కార్డు తీసి, నా అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద పెన్సిల్‌తో రాశారు: ‘పగల్యౌ గలేస్యు’. ఎట్టకేలకు చూడగలను.

ఆ కార్డు ఏ అరలో పెట్టమంటారని అడిగాను. అక్కర్లేదని ఏప్రాన్ జేబులో వేసుకుని, పుట్టగొడుగుల నీళ్లు వార్చడానికి వెళ్లారు.